నిర్దోషి తరుగు ఎవరు కట్టాలి?

ఆర్మూరు రైతుకు పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడికించి, ఎండబెట్టి నిజామాబాదు యార్డుకు చేర్చాక తూకంలో కిలో తరుగు తీసినా అతడు నిలదీస్తాడు. నిలదీయాలి కూడా. మరి ఏళ్ల తరబడి జైలులో ఉంచి, చివరకు నిర్దోషివని పంపేసిన యువకుడు తన తరుగు ఎవరిని అడగాలి?

ఆర్మూరులో వకాలతు చేసే మిత్రుడొకరు ఈ ప్రశ్న మా ముందుంచారు. న్యాయస్థానాల మీద ఆయనకు నమ్మకం పోలేదు. పోయి ఉంటే రోజూ నల్లకోటు వేసుకునేవారు కారు. ఆయన కోరేది ఒక్కటే: అన్యాయంగా కేసు మోపితే రాజ్యమే పరిహారం చెల్లించాలనే చట్టం.

2007 మక్కా మసీదు పేలుడు తరువాత హైదరాబాదులో ఎందరో ముస్లిం యువకులను నిర్బంధించారు. నిర్దోషులుగా తేలినవారికి నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అక్షరధామ్ కేసులో 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులని ప్రకటించింది. వారిలో కొందరు పరిహారం కోరగా 2016లో అదే న్యాయస్థానం నిరాకరించింది. చట్టం లేనిచోట ఇచ్చే పరిహారం దయాభిక్షే. భిక్షను ఎప్పుడైనా వెనక్కు లాక్కోవచ్చు.

ఇది కొత్త లోపమూ కాదు. 1979లో పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరినప్పుడే, అక్రమ నిర్బంధానికి పరిహారం పొందే హక్కు మన న్యాయవ్యవస్థలో లేదని భారతదేశం మినహాయింపు రాయించుకుంది. 2018లో లా కమిషన్ తన 277వ నివేదికలో ఇటువంటి చట్టం అవసరమని స్పష్టంగా సిఫారసు చేసింది. నివేదిక బీరువాలో ఉంది. చట్టం రాలేదు.

పరిహారమంటే పోలీసుల మనోధైర్యం దెబ్బతింటుందని కొందరంటారు. వాయిదాకు పోయిన ప్రతిసారీ బీడీ కూలి పోగొట్టుకునే తల్లి మనోధైర్యం సంగతేమిటి? ఆ లెక్క ఎవరూ రాయరు. ఇది ముస్లింల గొడవ మాత్రమే అనుకునేవారికి ఒక మాట: దళితుడికీ, ఆదివాసీకీ, ఏ పలుకుబడీ లేని రైతుకూ పడే సంకెల ఇదే.

2019 ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి పసుపు బోర్డు మాటను దేశమంతటా వినిపించారు. 2025 జనవరిలో బోర్డు వచ్చింది. 277వ నివేదికను బిల్లుగా మార్చి సభలో పెట్టమని, మన ఎంపీ ఈసారి ఆర్మూరుకు వచ్చినప్పుడు రైతులతో కలిసే అడుగుదాం.