సంగటి ముద్ద, చక్కెర జబ్బు

మా మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో చక్కెర జబ్బు ప్రస్తావన వస్తే రెండు మాటలు వినబడతాయి. "మా వంశంలోనే ఉంది, తప్పుతుందా?" అన్నది ఒకటి. "సంగటి మాని వరికూటికి మరిగినాము, అందుకే వచ్చింది" అన్నది రెండవది. అంగళ్లులో బస్సు కోసం నిలుచున్నా ఈ రెండింటిలో ఏదో ఒకటి చెవిన పడుతుంది. రెండూ సగం సగం నిజాలేనని నా అభిప్రాయం.

ముందు వంశం సంగతి. 2006లో ఐస్‌లాండ్ పరిశోధకులు టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులో ఒక చిన్న భేదాన్ని గుర్తించారు. అది ఉన్నవారికి రెండవ రకం మధుమేహం వచ్చే అవకాశం దాదాపు ఒకటిన్నర రెట్లు. మరుసటి ఏడాది హైదరాబాదు సీసీఎంబీలోని గిరిరాజ్ చందక్ బృందం, పుణె పరిశోధకులతో కలిసి, ఆ జన్యువులోని భేదాలకూ మనవారి మధుమేహానికీ సంబంధం ఉన్నదని చూపింది. మంచుదేశపు మనిషికీ మనకూ ఈ విషయంలో చుట్టరికం ఉన్నదన్నమాట!

అయితే జన్యువు ఒక్కటే విధిరాత కాదు. పీమా తెగవారు అమెరికాలోనూ మెక్సికోలోనూ ఉన్నారు. రక్తం దగ్గరిదే. 2006లో వెలువడిన అధ్యయనంలో, అమెరికా పీమాలలో వందకు 38 మందికి మధుమేహం ఉండగా, కొండ పొలాల్లో ఒళ్లు వంచి బతికే మెక్సికో పీమాలలో అది ఏడుగురికి మించలేదు.

మన మెట్టప్రాంతపు కథా కొంత అటువంటిదే. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని తప్పు పట్టే సాహసం నేను చేయను. పండుగనాటి వరికూడు పేదవాని నిత్యభోజనమైంది. కానీ ఆ తరువాత మడక పోయి ట్రాక్టరు వచ్చింది, నడక పోయి మోటారు సైకిలు వచ్చింది. పళ్లెంలోని అన్నం కుప్ప మాత్రం తగ్గలేదు. నలభై ఏళ్లలో జన్యువులు మారవు.

అలాగని రాగులు మందు అనుకోవడం మరొక పొరపాటు. సంగటిలో అడుగున ఉడికేది బియ్యమే. మెత్తగా పట్టించిన పిండి జావ కాస్తే రక్తంలో చక్కెర పెరగదనుకోవడం భ్రమ. భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం 2025లో ఈ సంగతే చెప్పింది: మన శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుండే వస్తున్నది; తెల్లబియ్యం బదులు గోధుమపిండో చిరుధాన్యాల పిండో వాడినంత మాత్రాన ముప్పు తగ్గినట్లు కనబడలేదు. మొత్తం పిండిపదార్థం తగ్గి, ఆ చోటు పప్పులు, పాలు వంటివి తీసుకోవాలి. అనపకాయల కాలంలో మన ఇళ్లలో పితికిపప్పు గిన్నెడు చేసి ముద్దకు ఇంతే నంజుకుంటాము. ఆ కొలతలు తారుమారు కావాలి.

ఇంత చెప్పడానికి కారణం ఉన్నది. "జావ తాగుతున్నాను కదా" అని మాత్రలు మానేసి, కాలి పుండుతో మంచం పట్టిన వారిని ఎరుగుదును. "వంశంలో ఉంది" అంటూ ముప్పై దాటిన కొడుకుకు ఒక్కసారైనా రక్తపరీక్ష చేయించని తల్లిదండ్రులనూ ఎరుగుదును. వంశంలో ఉన్నదని తెలిసినవారే కదా ముందుగా పరీక్షకు పోవలసింది!