జిల్లేడుకు చుట్టం

క్రిందటి సంచికలో, పిల్లలు పడుకోబోయే ముందు కథలు చదివి వినిపించటం గురించి వ్రాశాము. అది చూసి కొందరు సభ్యులు "మీ ఇంట్లో ఆదివారం కూడా పుస్తకాలేనా?" అని వేళాకోళం ఆడారు. కాదండీ. ఆసుపత్రి నుంచి పిలుపు రాని ఆదివారాల్లో మేమిద్దరం, మా ఎనిమిదేళ్ళ అమ్మాయి హ్యూరాన్ నది ఒడ్డున నడకకు పోతాం. ఈ నెల ఆ దారిలో వచ్చిన ఒక తగాదా సంగతి చెప్పుకుందాం.

2024లో వినాయక చవితి సెప్టెంబరు మొదటి వారంలో వచ్చింది. వ్రతకల్పంలో చెప్పిన 21 పత్రిలో ఈ మిషిగన్‌లో మనకు దొరికేవి ఎన్ని? తులసి కుండీలో ఉంది. మామిడాకు ఇండియా కొట్టులో కొంటాం. గరిక పేరు చెప్పి పెరటి గడ్డి వేస్తాం. మారేడు, ఉమ్మెత్త, జమ్మి అంటే ఇక పేర్లు చదువుకోవటమే. జిల్లేడు మాత్రం ఇక్కడా ఉన్నదని ఒక వేసవిలో కనిపెట్టాము. నది దారిలో నడుమెత్తు మొక్క, వెడల్పు ఆకు. తుంచితే పాలు కారతాయి, కాయ పగిలితే దూది ఎగురుతుంది. ఇక్కడివాళ్ళు మిల్క్‌వీడ్ అంటారు. వృక్షశాస్త్రం లెక్కలో జిల్లేడూ ఇదీ ఒకే కుటుంబం. దేశం కాని దేశంలో చుట్టం కనబడ్డట్టయింది!

నాయనమ్మకు ఫోనులో చెబితే ఆవిడ ముందన్న మాట, "పాలు కళ్ళలో పడనీయకండిరా" అని. డాక్టర్లుగా మేము చెప్పేదీ అదే. ఈ పాలు పడితే కంటి నల్లగుడ్డు దెబ్బ తింటుంది. ఆకు ముట్టుకున్న చేయి సబ్బుతో కడిగేదాకా కంటి దగ్గరకు పోకూడదు.

పార్కులో ఆకు తుంచరాదు కనుక, దారి చివర పొరుగాయన పొలం గట్టున ఆయన్ని అడిగి కోస్తాం. చవితి ముందటి సాయంకాలం బుట్ట పట్టుకొని ముగ్గురం వెళ్ళాము. మంచి ఆకు చూసి చేయి వేయబోతే అమ్మాయి చేయి పట్టుకొని ఆపింది. ఆకు వెనక ఒక పురుగు. ఒంటినిండా నలుపు, పసుపు, తెలుపు పట్టీలు.

"నాన్నా, ఆ మొక్క వద్దు. అది దాని అన్నం."

"ఒక్క ఆకేనమ్మా, దేవుడికి."

"మీ దేవుడికి ఇంకా ఇరవై రకాలున్నాయిగా. దీనికి ఇదొక్కటే."

మారుమాట లేక ఖాళీ బుట్టతో ఇంటికి వచ్చాము. ఆకు పోయినందుకు బాధ లేదు. "మీ దేవుడు" అన్న మాట గుచ్చుకుంది. ఏటేటా కథ చెప్పించి, అక్షతలు నెత్తిన వేసి, పిల్లకు అంతా అందుతున్నదనే అనుకున్నాం. అందినది ఇదేనా అని ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

లేచి, అమ్మాయి లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం మేమే చదివాము. అది మోనార్క్ సీతాకోకచిలుక పురుగు. మిల్క్‌వీడ్ జాతి తప్ప మరొకటి ముట్టదు. పిల్ల అన్నది అక్షరాలా నిజం. గుంటూరు మెడికల్ కాలేజీలో డిజిటాలిస్ మందు గురించి పాఠం చదివాము. గుండె మీద అదే రీతిని పనిచేసే విషం ఈ పాలలో ఉంది. పురుగు దాన్ని తిని ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలు వచ్చాక తిన్న పక్షి కక్కుకొని, మళ్ళీ ఆ రంగు జోలికి పోదు.

శరదృతువులో ఈ చిలుకలు ఇక్కడి నుంచి మెక్సికో కొండలకు పోతాయి. కొన్ని 4,000 కిలోమీటర్లు ఎగురుతాయి. టొరంటో శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ అర్కహార్ట్, ఆయన భార్య నోరా రెక్కలకు చిన్న చీటీలు అంటించి దశాబ్దాలు వెతికితే, 1975 జనవరిలో గాని ఆ చోటు బయటి ప్రపంచానికి తెలియలేదు. మరుసటి వేసవిలో ఇక్కడికి చేరేవి చాలావరకు వెళ్ళినవి కావు, వాటి తరువాతి తరాలవి. దారి చెప్పే తల్లీ ఉండదు, తండ్రీ ఉండడు.

1996-97 చలికాలంలో అవి వాలిన అడవి సుమారు 45 ఎకరాలు. 2013-14లో రెండెకరాలు కూడా లేదు. మొక్కజొన్న, సోయా చేలల్లో కలుపుమందు కొట్టి మిల్క్‌వీడ్ లేకుండా చేయటం అందుకు ఒక పెద్ద కారణం.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదురాజుకు తన 24 మంది గురువుల సంగతి చెబుతాడు. తేనెటీగ, సాలెపురుగు, కొండచిలువ అందులో ఉన్నవి. చిన్నపిల్లవాడూ ఉన్నాడు. ఎన్నోసార్లు చదివాము గాని, ఆ గురువు మా ఇంట్లోనే పడుకొని ఉన్నదని ఆ రాత్రిదాకా తోచలేదు.

మర్నాడు పూజలో "అర్కపత్రం" అన్న పేరు రాగానే చదవటం ఆగింది. అమ్మాయి మా మొహాలకేసి చూసింది. లేని పత్రికి బదులు అక్షతలు వేయటం మన పెద్దల ఆచారం. నాలుగు గింజలు దాని చేతిలో పోశాము. వేసి, మెల్లిగా "ఆ ఆకు పురుగు తింటోందని దేవుడికి చెప్పు నాన్నా" అన్నది.

ఈసారి "మీ" అనలేదు.

అక్టోబరు చివర పొరుగాయన ఇచ్చిన కాయలు ఒలిచి పెరట్లో చల్లాము. ఈ గింజకు ఒక చలికాలం దాటితేగాని మొలక రాదు. 2025 మే నెలలో నాలుగు మొలకలు కనిపించాయి. మిగిలిన గింజలు కవర్లలో కట్టి దీపావళి సమావేశానికి తెస్తాము. కావలసినవారు తీసుకొని, మంచు పడకముందే చల్లండి. చేతులు కడుక్కోవటం మరవకండి.