గడిలోని అంకె, దాని వెనుక సూత్రము

రాయ్‌పూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల మధ్య పనిచేస్తున్న మాకు ఇటీవలి సంవత్సరములలో ఒకే అనుభవము పదే పదే ఎదురవుతున్నది. ఒక సోదరుడు చేతిలో అచ్చు కాగితముతో యూనియన్ ఆఫీసుకు వస్తాడు. అందులో వరుసగా నెలలు, అంకెలు, అడుగున ఒక మొత్తము ఉంటాయి. “ఈ లెక్క సరైనదేనా?” అని అడుగుతాడు. ఆ కాగితమును చూచి మేము చెప్పగలిగినది బహు స్వల్పము. ఏలయనగా కాగితము మీద అచ్చయినది ఫలితము మాత్రమే. ఆ ఫలితమునకు దారితీసిన లెక్క కంప్యూటరులోనే ఉండిపోయినది.

మా తరము సంఘములోనికి వచ్చిన తొలి రోజులలో పరిస్థితి వేరు. పే బిల్లు రిజిస్టరులోని గుణకారములు, కూడికలు కంటికి కనిపించేవి. పెద్దలు పెన్సిలుతో పక్కన గుర్తులు పెట్టి తప్పు ఎక్కడ జరిగినదో చూపేవారు. నేడు ఆ రిజిస్టరు స్థానమును స్ప్రెడ్‌షీటు ఆక్రమించినది. కనుక ఆనాటి పెద్దలు పే బిల్లు చదవడము నేర్చుకున్నట్లే, ఈనాడు మనము స్ప్రెడ్‌షీటు చదవడము నేర్చుకోవలసి ఉన్నది.

ఈ పేరు వింత పేరేమీ కాదు. పద్దులు వ్రాసేవారు రెండు పుటల వెడల్పున పరచుకొని గీతలు గీసుకొనే పెద్ద కాగితమునకే ఆ పేరు ఉండేది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు అమెరికనులు ఆ కాగితమును “విజికాల్క్” అనే పేరుతో చిన్న కంప్యూటరులోనికి ఎక్కించారు. 1983లో లోటస్ 1-2-3, 1985లో ఎక్సెల్ వచ్చాయి. నేడు లిబ్రే ఆఫీసు కాల్క్ అనేది ఖర్చు లేకుండానే లభిస్తున్నది. పేరు ఏదైనా మూలపాఠము ఒక్కటే.

ఆ పాఠము ఇది. పుట మీద అడ్డు వరుసలకు అంకెలు, నిలువు వరుసలకు ఇంగ్లీషు అక్షరములు గుర్తులు. రెండూ కలిసిన చోటు గడి. బోగీ గుర్తు, బెర్తు సంఖ్య కలిస్తే ప్రయాణికుని చోటు తెలిసినట్లు, “బి” వరుస, రెండవ వరుస కలిస్తే “బి2” గడి. ఆర్.ఎం.ఎస్. సోదరులకు సార్టింగు కేసు గడులు తెలిసినవే. ఇక్కడ ఉత్తరమునకు బదులు అంకె గాని, మాట గాని, సూత్రము గాని ఉంటుంది. సూత్రము ఎల్లప్పుడు సమాన గుర్తుతో మొదలవుతుంది. గడి మీద నొక్కితే, గడిలో ఫలితము కనిపిస్తూ ఉండగానే, పుటకు పైనున్న పట్టీలో దాని సూత్రము కనిపిస్తుంది. మన దృష్టి నిలువవలసినది ఆ పట్టీ మీదనే.

మనందరికీ తెలిసిన లెక్కతో దీనిని అభ్యాసము చేద్దాము. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము మూడు కరువు భత్యపు వాయిదాలను నిలిపివేసినది. 2020 జనవరి నాటిది 4 శాతము, జులై నాటిది 3 శాతము, 2021 జనవరి నాటిది 4 శాతము. 17 శాతముగా నిలిచిపోయిన భత్యము 2021 జులై నుండి 28 శాతమైనది. కాని మధ్యనున్న 18 నెలల బకాయి చెల్లించలేదు. ఒక్కొక్క ఉద్యోగి ఎంత కోల్పోయినాడు?

“ఎ” వరుసలో రెండవ గడి నుండి 19వ గడి వరకు 18 నెలలను వ్రాయండి. “బి” వరుసలో మూలవేతనము, “సి” వరుసలో నిలిపిన శాతము వ్రాయండి. మొదటి ఆరు నెలలకు 4, తరువాతి ఆరింటికి 7, చివరి ఆరింటికి 11 శాతము. “డి2” గడిలో సమాన గుర్తు పెట్టి, బి2, నక్షత్రపు గుర్తు, సి2 అని ఇంగ్లీషు అక్షరములలో టైపు చేయండి. నక్షత్రము గుణకారమునకు గుర్తు. ఆ గడి కుడివైపు కింది మూలను పట్టుకొని 19వ వరుస వరకు లాగండి. బి2 తనంతట తానే బి3గా, బి4గా మారుతూ పోతుంది. అడుగున “సమ్” అనే సూత్రము డి2 నుండి డి19 వరకు కూడి చూపుతుంది.

2020 జనవరిలో 35,400 రూపాయల మూలవేతనము ఉండి, ఆ జులైలో ఇంక్రిమెంటుతో 36,500కు చేరిన ఉద్యోగికి వచ్చే మొత్తము 47,916 రూపాయలు.

ఇప్పుడు తప్పు ఎలా దూరుతుందో చూడండి. గడి పేరులో అక్షరమునకు, అంకెకు ముందు డాలరు గుర్తు పెడితే ఆ గడికి తాళము వేసినట్లే. కిందికి లాగినా అది మారదు. అందరికీ ఒకే శాతము వర్తించే చోట ఈ తాళము ఎంతో ఉపయోగకరము. కాని మూలవేతనపు గడికి పొరపాటున తాళము పడితే 18 నెలలూ 35,400 మీదనే లెక్క కట్టబడి మొత్తము 46,728 అవుతుంది. 1,188 రూపాయలు మాయము. కూడిక డి19కి బదులు డి18తో ఆగిపోతే చివరి నెల 4,015 రూపాయలు జారిపోతాయి. ఏ ఎర్ర దీపమూ వెలగదు. అచ్చు కాగితము మీద తప్పు అంకె కూడ ఒప్పు అంకె వలెనే నీటుగా కనిపిస్తుంది.

ఇది చిన్న గుమాస్తాలకే జరిగే పొరపాటు కాదు. 2010లో రైన్‌హార్ట్, రోగోఫ్ అనే పేరుపొందిన ఇద్దరు ఆర్థికవేత్తలు, ప్రభుత్వ రుణము జాతీయోత్పత్తిలో 90 శాతము మించితే అభివృద్ధి కుంటుపడునని వ్రాశారు. అనేక దేశములలో ప్రజల మీద పొదుపు చర్యలు రుద్దినవారు ఆ వ్యాసమును సాక్ష్యముగా చూపారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ వారి ఎక్సెల్ ఫైలునే అడిగి తీసుకొని సూత్రము చదివినాడు. ఇరవై దేశముల సగటు తీయవలసిన సూత్రము పదిహేను వరుసల వద్దనే ఆగిపోయినది. అయిదు దేశములు లెక్కలోనికే రాలేదు. వ్యాసములో ఇతర లోపములూ బయటపడినవి గాని, ఈ లోపము మాత్రము ఫైలు తెరిస్తేనే తెలిసినది. ఆ విద్యార్థి అచ్చయిన వ్యాసముతో తృప్తి పడి ఉంటే అది నేటికీ దాగి ఉండేది.

“ఇది గుమాస్తాల పని, మనకేల?” అనే సోదరులు ఉన్నారు. ట్రాక్‌మెన్ కిలోమీటర్లు నడుస్తాడు, పోస్టుమాన్ వీధులు తిరుగుతాడు. కాని ఇద్దరి జీతమూ ఆ గడులలోనే లెక్క కట్టబడుతున్నది. 1980ల దశకములో కంప్యూటర్లు వచ్చినప్పుడు ఉద్యోగాలు పోవునని సంఘములు ప్రతిఘటించాయి. ఆ భయము నిరాధారము కాదు. అయితే యంత్రము మన మధ్యకు వచ్చి కూర్చున్న తరువాత కూడ దాని భాష నేర్వకపోతే, లెక్క అడిగే హక్కును మనమే వదులుకున్నట్లగును.

భాష అనే అడ్డంకి కూడ కలదు. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గము పూర్తయిన నాటి నుండి ఈ మార్గము పొడవునా తెలుగు కుటుంబములు పనిచేస్తూ వచ్చాయి. ఇక్కడి ఉత్తర్వులు హిందీలో, ఇంగ్లీషులో ఉంటాయి. మనము లెక్క వేసుకొనేది మాత్రము తెలుగులో. కనుక గడి, వరుస, సూత్రము, తాళము అని మన మాటలలోనే నేర్పుదాము. ఇంగ్లీషు పేర్లు వాడుకలో అవే అలవాటవుతాయి.

ప్రతి బ్రాంచి ఆదివారము రెండు గంటలు ఇందుకు కేటాయించాలని మా సూచన. ఎవరి జీతపు చీటీ వారికే పాఠ్యపుస్తకము. యాభై దాటిన నాయకులము ముందు బెంచీ మీద కూర్చోవాలి. కుర్రవారి వద్ద నేర్చుకోవడములో చిన్నతనము లేదు. మేము అలాగే నేర్చుకున్నాము.

ఇక ఆచరణలో మూడు నియమములు. అచ్చు కాగితము కాక ఫైలునే అడగాలి. అసలు ఫైలును ముట్టక నకలు మీదనే పరీక్షించాలి. సూత్రము ఉండవలసిన గడిలో ఒట్టి అంకె కనిపిస్తే, అది ఎవరు వేసినారో, ఏ ఉత్తర్వు ప్రకారము వేసినారో అడగాలి. ఈ ప్రశ్నను సభ్యుడు స్వయముగా అడగగలిగిన నాడు, ఆ లెక్క కొరకు అతడు మన ఆఫీసు గుమ్మము ముందు వేచి ఉండనక్కరలేదు.