స్లాబ్ లీకేజీకి ‘పదేళ్ల వారంటీ’.. చేతిలో కాగితం ఉన్నా ఇల్లు ఎందుకు కారుతోంది?

వాన మొదలైతే చాలు.. డాబా ఇళ్లల్లో, అపార్ట్‌మెంట్ల పై అంతస్తుల్లో అందరి చూపూ సీలింగ్ మీదే. ఏ మూల చెమ్మ పడుతుందో, ఎక్కడ బకెట్ పెట్టాల్సి వస్తుందో అని. సరిగ్గా అప్పుడే ‘వాటర్‌ప్రూఫింగ్.. పదేళ్ల వారంటీ’ అన్న ప్రకటనలు గోడల మీదా, వాట్సాప్‌లోనూ కనిపిస్తాయి. పని అయిపోతుంది, డబ్బులు ఇచ్చేస్తారు. రెండో వానాకాలానికి అదే మూల మళ్లీ తడుస్తుంది. ఫోన్ చేస్తే ‘మా కోటింగ్ బాగానే ఉంది సార్, మీ స్లాబ్‌కే పగులొచ్చింది’ అన్న సమాధానం! మరి ఆ పదేళ్ల మాట ఏమైనట్టు?

అసలు చిక్కంతా ‘వారంటీ’ అనే ఆ ఒక్క మాటలోనే ఉంది. డబ్బా మీద ముద్రించి ఉండేది కంపెనీ వారంటీ. అది మెటీరియల్‌కు మాత్రమే. చెప్పినన్ని కోట్లు, చెప్పిన మందంలో, ఆరిన స్లాబ్ మీద వేస్తేనే అది చెల్లుతుంది. మెటీరియల్‌లో లోపం ఉందని తేలినా చాలాసార్లు దక్కేది కొత్త డబ్బాలే. కూలీ ఖర్చు, పాడైన ఫాల్స్ సీలింగ్, ఊడిన పెయింట్, కాలిపోయిన వైరింగ్.. ఇవేవీ అందులోకి రావు. పని సరిగ్గా చేశామన్న హామీ ఇవ్వాల్సింది కాంట్రాక్టర్. దాన్ని కాగితం మీద రాసిచ్చేవాళ్లు తక్కువ. కొన్ని కంపెనీలు రెండిటికీ కలిపి హామీ ఇస్తాయి కానీ, తమ గుర్తింపు ఉన్న అప్లికేటర్‌తో చేయించి, పని పూర్తయ్యాక వారంటీని నమోదు చేయించుకున్నప్పుడే. ఆ నమోదు సంగతి చాలామందికి లీకేజీ వచ్చాకే తెలుస్తోంది.

ఇక ‘స్లాబ్ పగిలితే మా బాధ్యత కాదు’ అన్న షరతు. చాలా వారంటీ పత్రాల్లో ఇది ఉంటుంది. స్లాబులు ఎక్కువగా కారేది ఎక్కడ? పిట్టగోడ, స్లాబ్ కలిసే మూలల్లో, పైపులు దూరిన చోట, వాటం సరిగ్గా లేక నీళ్లు నిలిచే చోట, పగుళ్ల దగ్గర. వీటిని సరిచేయకుండా పైన రెండు కోట్లు పూసేస్తే చూడటానికి మెరుస్తుంది, అంతే. అందుకే పనికి ముందే ఈ లోపాలన్నీ ఫొటోలు తీసి, ఏది ఎలా బాగుచేస్తారో కొటేషన్‌లోనే రాయించుకోవాలి. రేపు కాంట్రాక్టర్ ‘పగులు పాతదే’ అన్నా, ‘కొత్తగా వచ్చింది’ అన్నా జవాబు అందులోనే ఉంటుంది. పని అయ్యాక స్లాబ్ మీద 24 నుంచి 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూడటం మామూలు పరీక్షే. దానికి ఒప్పుకోని కాంట్రాక్టర్ పదేళ్ల హామీ ఇస్తున్నాడంటే ఆలోచించాల్సిందే. కొంత డబ్బు మొదటి పెద్ద వాన చూశాకే ఇస్తామని ముందే మాట్లాడుకోవడం ఇంకా మంచిది.

ఐదేళ్లలోపు అపార్ట్‌మెంట్ అయితే?

ఇక్కడ చాలామంది అనవసరంగా జేబులోంచి ఖర్చు పెట్టేస్తున్నారు. 2016 రెరా చట్టంలోని సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాట్ అప్పగించిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం గానీ, పనితనంలో లోపం గానీ బయటపడి బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయాల్సింది బిల్డరే. చేయకపోతే పరిహారం అడగొచ్చు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో రెరా అథారిటీలు ఫిర్యాదులు తీసుకుంటున్నాయి. అయితే బిల్డర్‌కు ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే లాభం లేదు, రాతపూర్వకంగా తేదీతో తెలియజేయాలి. సొంత స్థలంలో మేస్త్రీని పెట్టి కట్టించుకున్న ఇంటికి మాత్రం ఇది వర్తించదు.

పై అంతస్తు వాళ్లకు ఇంకో తలనొప్పి కూడా ఉంది. ‘కారేది మీ ఇంట్లో కదా, మీరే చేయించుకోండి’ అని అసోసియేషన్ మీటింగుల్లో వినిపించే మాట. రెరా చట్టం టెర్రస్‌ను ఉమ్మడి ప్రాంతాల్లోనే చేర్చింది. పైన బట్టలు ఆరేసుకోవడానికి అందరిదీ, కారినప్పుడు ఒక్కరిదీ అంటే ఎలా? ఇది పంతాలకు పోయి వాయిదా వేసే విషయం కూడా కాదు. నీళ్లు ఇనుప కడ్డీల దాకా చేరితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా తోసేస్తుంది. ఆ పెచ్చులు పడేది కింద నిద్రపోతున్నవాళ్ల మీద. ఉప్పుగాలి ఉండే విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

కాంట్రాక్టర్ మొహం చాటేస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం ‘సేవా లోపం’ కిందికే వస్తుంది. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయొచ్చు. తేలకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్లాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. కాంట్రాక్టర్ వేరే ఊరివాడైనా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. గడువు మాత్రం రెండేళ్లే. ‘వచ్చే వారం వస్తాం’ అన్న మాటలు నమ్ముతూ కూర్చుంటే ఆ రెండేళ్లు ఇట్టే అయిపోతాయి. అసలు సమస్య బిల్లు దగ్గర వస్తోంది. పన్ను మిగులుతుందని బిల్లు వద్దనుకుని నగదు ఇచ్చేసినవాళ్లు, తర్వాత పని చేయించుకున్నట్టు నిరూపించుకోవడానికే తంటాలు పడాల్సి వస్తుంది.

ఇప్పుడు డాబాల మీదికి కొత్తగా సోలార్ వస్తోంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు రూ.78 వేల దాకా రాయితీ ఉండటంతో ప్యానెళ్లపై ఆసక్తి పెరిగింది. స్టాండ్ల కోసం స్లాబ్‌కు డ్రిల్లింగ్ చేస్తే కింద ఉన్న కోటింగ్‌కు చిల్లు పడ్డట్టే, దాని వారంటీ కూడా అక్కడితో ఆగిపోవచ్చు. ప్యానెల్‌కు 25 ఏళ్ల హామీ ఇస్తున్న కంపెనీని ఆ బోల్టు రంధ్రం సంగతి కూడా అడగాలి. ఎవరు సీల్ చేస్తారు, కారితే ఎవరు వస్తారు అన్నది ప్యానెళ్లు పైకి ఎక్కకముందే ఒప్పందంలో రాయించుకోవాలి.