కొండ ఇక్కడ, ధర లండన్‌లో

కోరాపుట్ జిల్లా పంచపట్మాలి కొండమీది ఎర్రటి బాక్సైటు ఖనిజం దమన్‌జోడిలో అల్యూమినాగా మారి, రైలెక్కి విశాఖ రేవుకు దిగుతుంది. రాయగడ జిల్లాలో ఉత్కళ్ అల్యూమినాదీ ఇదే వ్యాపారం. చివరికి తేలే లోహం అల్యూమినియానికి ధర మాత్రం లండన్ లోహ మార్కెట్‌లో పలుకుతుంది.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తింది. సరఫరా తగ్గుతుందన్న భయంతో మార్చి 7న టన్ను అల్యూమినియం 4,000 డాలర్లు దాటింది. ధరల పెరుగుదలను అదుపు చేయడానికి అదే నెలలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ వడ్డీ పెంచడం మొదలుపెట్టింది. అప్పు ప్రియమైతే ఇళ్లు, కార్లు కొనేవాళ్లు వెనకాడతారు, అప్పుచేసి సరుకు దాచిన వర్తకుడూ వదిలించుకుంటాడు. సెప్టెంబరు చివరికి ధర ఇంచుమించు సగమైంది.

అదే కారణంతో మన రిజర్వు బ్యాంకు రెపో రేటు కూడా 4 శాతం నుంచి 2023 ఫిబ్రవరికి 6.5కు చేరింది. రాయగడలో ఇంటి అప్పున్నవారికి ఆ యుద్ధం తెలిసివచ్చింది టీవీలో కాదు, బ్యాంకు నోటీసులో! ఈ సంచిక యుద్ధం నుంచి ఆ నోటీసు దాకా సాగిన దారి వెంటే నడిచింది.