దూకాలా, కాపలా కాయాలా?

మన ఆదివారం రాత్రి పదకొండున్నర దాటాక డల్లాస్‌లో ఉన్న అబ్బాయికి ఫోన్ చేసి చూడండి. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ఆ వేళకి ఎవరూ సరిగా పలకరు. అక్కడప్పుడు ఆదివారం మధ్యాహ్నం. టీవీలో ఆట నడుస్తుంటుంది. ఫ్రిస్కో, ప్లేనో ఊళ్లలో స్థిరపడ్డ మన తెలుగువాళ్ల పిల్లలకి డల్లాస్ కౌబాయ్స్ అంటే మనకి క్రికెట్ ఎంతో అంత. ఆ జట్టు ప్రాక్టీసు చేసేది కూడా ఫ్రిస్కోలోనే మరి.

ఆ ఇళ్లలో 2025 ఆగస్టు నుంచి ఒకటే గొడవ. మైకా పార్సన్స్‌ను ఎందుకు వదులుకున్నారు? ఉన్న నాలుగేళ్లూ అతన్ని సరిగ్గా వాడుకున్నారా? ఈ వారం ఆ రెండో ప్రశ్న సంగతి చూద్దాం. మొదటిదానికి జవాబు డబ్బు. అది అందరికీ తెలిసిందే.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. పేరుకి ఫుట్‌బాల్ గానీ కాలితో తన్నేది తక్కువ, చేత్తో విసిరేది ఎక్కువ. జట్టుకి 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకి జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు, జరక్కపోతే బంతి అవతలివాళ్లది. బంతి పట్టుకుని ఎవరికి విసరాలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని ముందు అయిదుగురు భారీకాయులు గోడ కడతారు. ఒక్కొక్కరూ 130, 140 కిలోలు. అతను విసిరే బంతిని పట్టుకోవడానికి మరో అయిదుగురి దాకా పరిగెత్తుతారు.

అవతలి జట్టులో ఆ గోడకి ఎదురుగా కొందరు మల్లయోధుల్లాంటివాళ్లు ఉంటారు. బాగా వెనక పరుగువీరులుంటారు. ఈ రెండు వరుసల మధ్యలో నిలబడేవాళ్లే లైన్‌బ్యాకర్లు. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ని పడగొట్టాలి. బంతి అందుకోబోయేవాడి వెంట పడాలి. లేదా గోడ దాటి నేరుగా క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకాలి. బంతి విసిరేలోపే అతన్ని కింద పడేస్తే దాన్ని సాక్ అంటారు. స్టేడియం లేచి నిలబడేది దానికే.

అలాగైతే ప్రతిసారీ అందరూ దూకేస్తే పోలేదా? పోదు. వేళ్ల మీద లెక్క వేసి చూడండి. నలుగురు దూకితే వెనక కాపలాకి ఏడుగురు మిగులుతారు. పరిగెత్తేవాళ్లు అయిదుగురే కాబట్టి ఏడుగురు బాగా సరిపోతారు. ఆరుగురు దూకితే వెనక మిగిలేది అయిదుగురు. మనిషికి మనిషే, ఒక్కడు జారిపడినా ఆదుకునేవాడు లేడు. మంచి క్వార్టర్‌బ్యాక్ ఎవరు ఎక్కణ్నించి దూకుతున్నారో చూసి, సరిగ్గా వాళ్లు ఖాళీ చేసిన చోటికే బంతి పంపేస్తాడు. అతని చేతిలో బంతి ఉండేది మామూలుగా రెండున్నర, మూడు సెకన్లు. మన కబడ్డీలో కార్నర్‌లో ఉన్నవాడు తొందరపడి రైడర్ మీదికి వెళ్తే అతని వెనక ఖాళీ ఎలా తెరుచుకుంటుందో, ఇదీ అంతే.

అందుకే అదనంగా మనిషిని పంపకుండానే గోడ బద్దలు కొట్టగలిగే ఒక్క ఆటగాడు దొరికితే కోచ్ పంట పండినట్టే. అలాంటివాడు 1981లో న్యూయార్క్ జెయింట్స్‌కి దొరికాడు. పేరు లారెన్స్ టేలర్. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం నుంచి వచ్చాడు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, రెండోవాడిగా ఎంపికయ్యాడు. 1963 తర్వాత ప్లేఆఫ్స్ మొహమే చూడని జెయింట్స్ అతను వచ్చిన ఏడాదే అక్కడికి చేరుకుంది.

అప్పటిదాకా అంచున నిలబడే లైన్‌బ్యాకర్ దూకితే, గోడ వెనకుండే రన్నింగ్ బ్యాక్ అడ్డుపడేవాడు. టేలర్ ముందు ఆ మనిషి చాలలేదు. అందుకే 1982 జనవరిలో జరిగిన ప్లేఆఫ్ మ్యాచ్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో కోచ్ బిల్ వాల్ష్ గోడలోంచి జాన్ ఏయర్స్ అనే గార్డును బయటికి లాగి టేలర్ మీదికి పంపాడు. ఆ ఎత్తు పారింది, శాన్‌ఫ్రాన్సిస్కో 38-24తో గెలిచింది. వాషింగ్టన్ కోచ్ జో గిబ్స్‌కి టేలర్‌తో ఏడాదికి రెండుసార్లు పని. అతను ఏకంగా తన జట్టు అమరికే మార్చేశాడు. రన్నింగ్ బ్యాక్‌లలో ఒకణ్ని తీసేసి, బలమైన టైట్ ఎండ్‌ను అదనంగా దించాడు. ఒక్క మనిషి భయంతో ప్రత్యర్థులు ఇల్లు సర్దుకున్నారన్నమాట.

ఆ భయం ఉత్తదేం కాదు. 1985 నవంబరు 18న వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ జో థైస్మన్ మీద టేలర్ పడ్డప్పుడు థైస్మన్ కుడికాలు విరిగింది. ముందు కంగారుపడి సాయం కోసం చేతులూపింది టేలరే. థైస్మన్ మళ్లీ ఆడలేదు. మరుసటి సీజన్ 1986లో టేలర్ 20.5 సాక్‌లు చేసి, లీగ్ మొత్తానికీ అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యాడు. (ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం. ఆ అర అలా వచ్చింది.) ఆ సీజన్ చివర జెయింట్స్ సూపర్ బౌల్ కూడా గెలిచింది.

టేలర్ దెబ్బతో క్వార్టర్‌బ్యాక్ వీపు కాసే లెఫ్ట్ టాకిల్‌కి గిరాకీ పెరిగింది. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమపక్క కనపడదు కదా. మరి గోడ గట్టిపడ్డాక దూకేవాడు ఏం చెయ్యాలి?

డిక్ లెబో అనే కోచ్ చెప్పిన జవాబు నాకు భలే నచ్చుతుంది. దూకుతాడనుకున్నవాణ్ని ఆపెయ్, ఆగుతాడనుకున్నవాణ్ని పంపు. దీన్ని జోన్ బ్లిట్జ్ అంటారు. 1980లలో సిన్సినాటిలో దీన్ని మెరుగుపెట్టి, తర్వాత పిట్స్‌బర్గ్‌కి పట్టుకెళ్లాడు. మనుషుల లెక్క మారదు, వెనక సరిపడా కాపలా ఉండనే ఉంటుంది. మారేది ఎవరు అన్నదొక్కటే. క్వార్టర్‌బ్యాక్‌కి ఉన్న మూడు సెకన్లలో ఒక సెకను ఆ తికమకకే పోతుంది.

దీనికి నిదర్శనం 2009 ఫిబ్రవరి 1న టాంపాలో జరిగిన సూపర్ బౌల్. పిట్స్‌బర్గ్‌లో జేమ్స్ హారిసన్ అని ఒక లైన్‌బ్యాకర్. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. చేర్చుకున్నవాళ్లు కూడా ఒకటికి నాలుగుసార్లు పొమ్మన్నారు. అలాంటివాడు 2008 సీజన్‌లో 16 సాక్‌లతో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. సూపర్ బౌల్ మొదటి సగం ఇంకా 18 సెకన్లే ఉంది. పిట్స్‌బర్గ్ 10-7తో ముందుంది. కానీ అరిజోనా చేతిలో బంతి ఉంది, గీతకి ఒక్క గజం దూరంలో ఉంది. హారిసన్‌కి అప్పగించిన పని దూకడం. అతను దూకుతాడని అందరికీ తెలుసు. దూకుతున్నట్టే కదిలి, ఆగి, వెనక్కి జరిగాడు. అరిజోనా క్వార్టర్‌బ్యాక్ కర్ట్ వార్నర్‌కి ఆ చోట మనిషుంటాడన్న ఊహే లేదు. బంతి నేరుగా హారిసన్ చేతుల్లో పడింది. అక్కణ్నించి 100 గజాలు, అంటే మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ భారీ మనిషి అడ్డొచ్చినవాళ్లని తప్పించుకుంటూ, తోసుకుంటూ పరిగెత్తాడు. గీత దాటి వెల్లకిలా పడిపోయి చాలాసేపు లేవలేదు. సగం ముగిసేసరికి 17-7. ఆఖరికి పిట్స్‌బర్గ్ 27-23తో గెలిచింది. ఆ పరుగు లేకపోతే ఏమయ్యేదో మీరే లెక్క వేసుకోండి.

దీన్ని చూసి కొందరు కోచ్‌లు అతిగా పోతారు. తెలివి చూపించాలన్న సరదాలో, దూకడమే వృత్తిగా ఉన్నవాణ్ని మాటిమాటికీ వెనక్కి పంపుతారు. అది శుద్ధ దండగ. హారిసన్ ఆగడం పనిచేసింది అంతకుముందు ఏడాది పొడుగునా దూకాడు కాబట్టే. నన్నడిగితే, ఎదుటి జట్టు బంతి విసిరే పది సందర్భాల్లో ఎనిమిదిసార్లు దూకనివ్వాలి. మిగిలిన రెండూ ఎప్పుడన్నది మటుకు ఎవరికీ తెలియకూడదు.

2016 ఫిబ్రవరి 7న డెన్వర్ చేసింది ఇంచుమించు అదే. వాన్ మిల్లర్ ఒక అంచున, అనుభవజ్ఞుడు డెమార్కస్ వేర్ మరో అంచున. ఒకడి మీదికి ఇద్దర్ని పంపితే రెండోవాడికి దారి దొరుకుతుంది. సూపర్ బౌల్‌లో మిల్లర్ 2.5 సాక్‌లు చేశాడు. కరోలినా క్వార్టర్‌బ్యాక్ కామ్ న్యూటన్ చేతిలోంచి రెండుసార్లు బంతి ఊడగొట్టాడు. మొదటిసారి ఊడిన బంతిని డెన్వర్ వాళ్లు గీత అవతలే పట్టేసి ఆరు పాయింట్లు కొట్టేశారు. డెన్వర్ 24-10తో గెలిచింది, ఆ ఆటలో అత్యుత్తముడు మిల్లరే. అంతకుముందు న్యూఇంగ్లండ్‌తో జరిగిన ఆటలో ఇదే మిల్లర్ వెనక్కి జరిగి టామ్ బ్రేడీ విసిరిన బంతిని అందుకున్నాడు. రెండు పనులూ తెలిసినవాడు మరి.

సరే, పార్సన్స్ దగ్గరికొద్దాం. 2021లో డల్లాస్ అతన్ని 12వ ఎంపికగా తీసుకుంది. తీసుకున్నది మధ్యలో నిలబడే లైన్‌బ్యాకర్‌గా. రెండో మ్యాచ్‌కి ముందు అంచున ఆడే డెమార్కస్ లారెన్స్‌కి ప్రాక్టీసులో కాలు విరిగింది. వేరే దారి లేక పార్సన్స్‌ను అంచుకి జరిపారు. చూస్తే పిల్లవాడు గోడలోంచి గాలిలా దూరిపోతున్నాడు! తొలి ఏడాదే 13 సాక్‌లు. తర్వాత వరసగా 13.5, 14, 12. అవసరం కొద్దీ చేసిన సర్దుబాటే అతని అసలు చోటు చూపించింది.

అప్పటి డిఫెన్స్ కోచ్ డాన్ క్విన్ అతన్ని ఒకే చోట ఉంచలేదు. ఓసారి ఎడమ అంచున, ఓసారి కుడి అంచున, మరోసారి గోడ నడిమధ్య. వాడుక అంటే అదీ. అవతలివాళ్లు ముందు అతనెక్కడున్నాడో వెతుక్కోవాలి, తర్వాతే వాళ్ల ఎత్తు. 2024లో క్విన్ వెళ్లి మైక్ జిమ్మర్ వచ్చాడు. మిన్నెసోటాలో ఉన్నప్పుడు ఇతనిదో ప్రసిద్ధమైన ఎత్తు ఉండేది. ఇద్దరు లైన్‌బ్యాకర్లని గోడ నడిమధ్యకి తెచ్చి నిలబెడతాడు. ఇద్దరూ రావచ్చు, ఒక్కరే రావచ్చు, ఎవరూ రాకపోవచ్చు. దూకకుండానే దూకినంత పని.

అయితే పార్సన్స్ విషయంలో ఒక చిక్కుంది. మనిషి బరువు 110 కిలోల పైచిలుకు. అంచున నిలబెడితే ప్రత్యర్థులు బంతి విసరడం మానేసి, సరాసరి అతని మీదికే పరుగు తీసేవారు. 140 కిలోల మనుషులు ఆటంతా గుద్దుతుంటే ఎంతటివాడైనా నాలుగో భాగానికి నీరసిస్తాడు. బంతి విసిరే సందర్భాలకి తాజాగా ఉంచాలంటే పరుగుల సందర్భాల్లో కొన్నింటికి బయట కూర్చోబెట్టాలి. అంత పేరున్నవాణ్ని కూర్చోబెట్టాలంటే కోచ్‌కి గుండె ధైర్యం కావాలి. డల్లాస్‌లో అది తక్కువే కనిపించింది.

ఇంకో తమాషా ఏమిటంటే, ఎక్కడ నిలబడ్డాడన్నదాన్ని బట్టి జీతం మారుతుంది. ఆటగాణ్ని ఏడాదిపాటు అట్టిపెట్టుకోవాలంటే జట్టు అతని స్థానంలో గరిష్ఠ జీతాల సగటు ఇవ్వాలి. లైన్‌బ్యాకర్‌కి ఒక రేటు, ముందు వరుస ఎండ్‌కి మరో రేటు. 2008లో బాల్టిమోర్ ఆటగాడు టెరెల్ సగ్స్ విషయంలో ఈ తగాదా వచ్చింది. చివరికి రెండు రేట్లకీ మధ్యన తెంచారు. సంతలో ఎడ్ల బేరం గుర్తుకు రావడం లేదూ?

పార్సన్స్ బేరం మాత్రం తెగలేదు. 2025 ఆగస్టు 28న డల్లాస్ అతన్ని గ్రీన్‌బేకి ఇచ్చేసింది. బదులుగా రెండు తొలిరౌండు ఎంపికలు, కెన్నీ క్లార్క్ అనే ఆటగాడు వచ్చారు. గ్రీన్‌బే అతనికి నాలుగేళ్లకి 18.8 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. సరిగ్గా నెలకి, సెప్టెంబరు 28న, అతను పాత ఊళ్లో పాత జట్టు మీద ఆడాడు. 40-40, టై! ఎవరిది తప్పో తేల్చుకుందామని కూర్చున్న ఫ్రిస్కో కుర్రాళ్లకి ఆ రోజూ తీర్పు దొరకలేదు. డిసెంబరులో డెన్వర్‌తో ఆడుతూ పార్సన్స్ మోకాలి లిగమెంట్ తెంచుకున్నాడు. అప్పటికి అతని సాక్‌లు 12.5. డల్లాస్‌లో ఏ ఏడాదీ 12కి తగ్గనివాడు కొత్త ఊళ్లోనూ తగ్గలేదు.