వణుకు ఎవరిది?

మా దగ్గరకు వచ్చే రిపోర్టులు చూస్తుంటే ఒక మాట చెప్పక తప్పడం లేదు. దాడి జరిగిన ఊరినించి ఇంగ్లీషు పేపరుకో, కమిషన్‌కో రాయాల్సొస్తే మన కుర్రాళ్లు ముందు డిక్షనరీ తీస్తున్నారు. ఘాస్ట్‌లీ పెట్టాలా, గ్రూసమ్ పెట్టాలా అని అర్ధరాత్రి దాకా వాదన. తీరా కాయితం చూస్తే కొట్టినోడి పేరు లేదు, టైము లేదు.

ఆ మాటల పుట్టుక చూడండి. గ్రూసమ్‌లోని 'గ్రూ' అంటే స్కాట్లండు వాళ్ల భాషలో వణకడం. ఘాస్ట్‌లీ పాత ఇంగ్లీషులో భయపెట్టడమనే మాటకు చుట్టం. రెండూ చూసినోడి సంగతే చెప్తాయి. పడిపోయిన మనిషి గురించి గానీ, నరికినోడి గురించి గానీ ఒక్క ముక్క చెప్పవు. పట్నంలో కాఫీ తాగుతూ పేపరు చదివే దొరకు వొళ్లు జలదరించిందా లేదా, అంతే వాటి లెక్క.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పారేశారు. దీనికి ఏ విశేషణం తగిలిస్తారు? 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఏ టైముకు చచ్చారు, ఎక్కడ చచ్చారు, కొట్టిందెవరు, ఇవి రుజువు కాలేదంది. తప్పు సాక్షులదని మేం అనడం లేదు. ప్రాణాలరచేత పట్టుకొని పరిగెత్తేవాళ్లు గడియారం చూస్తారా! కానీ కోర్టు అడిగేది ఇవే.

అధికారులకూ ఒక విశేషణముంది: 'అన్‌ఫార్చునేట్'. దురదృష్టకరమట. దురదృష్టం కత్తి పట్టుకొని వచ్చిందా?

1989 అత్యాచారాల నిరోధక చట్టంలో గ్రూసమ్ లేదు. 'అబ్‌నాక్షస్' ఉంది, అంటే రోత పుట్టించేది. అది దళితుడి చేత బలవంతంగా తినిపించిన, తాగించిన పదార్థానికి పెట్టిన మాట. అందుకని రోత పని చేశారని రాస్తే చాలదు. నోట్లో పోసింది ఉచ్చో పెంటో పేరు పెట్టి రాయాలి. రాయడానికి మనకు సిగ్గెందుకు? సిగ్గు పోసినోడిది. వాళ్ల కులం, మన కులం రెండూ రాయాలి. ఎదుటివాడు ఎస్సీ, ఎస్టీ కాడని తేలకపోతే 3వ సెక్షన్ నిలబడదు.

ఇకనించి రిపోర్టు తెలుగులోనే రాసి పంపండి. టైము, చోటు, పేర్లు, చూసినవాళ్లు, ముందు ఇవి. ఇంగ్లీషు చేసే పని మాకొదిలేయండి.